ఓటమి మఱునాటి తీర్పు

ఒక కార్యము చెడిన పిమ్మట దానిని నిర్ణయించినవానిని నిందించుట లోకమున మిక్కిలి సులభమైన పని. కార్యము ఫలించినచో ఆ నిర్ణయమే దూరదృష్టి యనిపించుకొనును, చెడినచో అవివేకమనిపించుకొనును. నిర్ణయ మొక్కటే, దానిని జేసిన బుద్ధి యొక్కటే, నాటి పరిస్థితులును అవియే. మాఱినది ఫలము మాత్రమే. అట్లయిన మనము తీర్పు చెప్పునది దేనినిగుఱించి? మనుష్యుని వివేకమునుగుఱించియా, లేక అతని యదృష్టమునుగుఱించియా?

ఈ ప్రశ్నను మన యింటి విషయములయందు విచారింప బూనితిమేని రాగద్వేషము లడ్డము వచ్చును. కావున మనలో పెక్కుమందికి ఏ పక్షమునందును అభిమానము లేని రంగము నొకదానిని ఎన్నుకొనుట మేలు. ఆస్ట్రేలియా దేశమున ప్రజలు మిక్కిలి మక్కువతో జూచు తమ దేశీయపు ఫుట్‌బాలు క్రీడ యట్టి రంగము. ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది యెఱిగిన విషయమే. తక్కినవారికొఱకు దాని స్వరూపమును కొలది మాటలలో చెప్పెదను.

ఈ క్రీడ మెల్‌బోర్న్ నగరమున పుట్టినది. దాని నియమములు 1859వ సంవత్సరము మే నెలలో మొదటిసారి వ్రాయబడెను. క్రికెట్టు ఆడు విశాలమైన మైదానముల యందే దీనిని కూడ నాడుదురు. ఒక్కొక్క పక్షమున 18 మంది మైదానమున నుందురు. మఱికొందఱు వంతు మార్చుకొనుటకై వెలుపల గూర్చుండి యుందురు. మైదానపు రెండు కొనల యందును నాలుగేసి స్తంభములు నిలిపియుండును. నడిమి రెండు స్తంభముల మధ్యగా బంతిని తన్నినచో 6 పాయింట్లు. అది ప్రక్క స్తంభముల మధ్యగా పోయినచో 1 పాయింటు. బంతి కోడిగ్రుడ్డు ఆకారము గలది. అది నేలను దాకిన పిమ్మట ఎటు దూకునో తన్నినవానికే తెలియదు. ఈ చిన్న సంగతిని చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

ప్రతి పోటీకిని ముందు శిక్షకుడును అతని సహాయులును గూర్చుండి ఎవరిని ఆడింపవలెనో, ఎవరిని విడువవలెనో నిర్ణయింతురు. సంవత్సరాంతపు గ్రాండ్ ఫైనల్ పోటీ శనివారమునాడు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానమున ఇంచుమించు లక్షమంది యెదుట జరుగును. దానికి జట్టును గురువారమునాడు ప్రకటింతురు. గురువారము సాయంకాలమున అభిమానులకు సందేహము లుండును. ఓడిన పక్షమువారికి ఆదివారము ప్రొద్దుననే సందేహములన్నియు తీఱి సంపూర్ణజ్ఞానము గలుగును. ఫలానావానిని ఏల తీసికొనిరి? ఫలానావానిని ఏల విడిచిరి? ఈ సంగతి నా కెప్పుడో తెలియును! ఇట్టి మాటలు పానశాలలయందును, రైలుబండ్లయందును, భోజనపు బల్లలకడను వినవచ్చును.

ఒక యుదాహరణము జూతము. 2022వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని సిడ్నీ జట్టు కాలింగ్‌వుడ్ జట్టును 95కు 94 పాయింట్లతో, అనగా ఒకే యొక పాయింటుతో, గెలిచి గ్రాండ్ ఫైనల్ చేరెను. ఆ పోటీలో సామ్ రీడ్ అను పొడవరియైన ఆటగానికి తొడ మొదట కండరము నొచ్చెను. అతడు క్రొత్తవాడు కాడు. 2012లో గ్రాండ్ ఫైనల్ గెలిచిన సిడ్నీ జట్టులో నొకడు. వారము దినములు చికిత్స జరిగెను, పరీక్షలు జరిగెను, అతడు ఆడగలడని నిశ్చయించి జట్టులో నుంచిరి. 24వ తేదీని జీలాంగ్ జట్టుతో పోటీ జరిగెను. మూడవ భాగమున రీడ్ ఇక నాడలేక వెలుపలికి రావలసివచ్చెను. సిడ్నీ 52కు 133 పాయింట్లతో, అనగా 81 పాయింట్ల తేడాతో, ఓడిపోయెను. రీడ్‌ను ఆడించుట సరియైన నిర్ణయము కాకపోయెనని శిక్షకుడు జాన్ లాంగ్‌మైర్ పిమ్మట తానే యొప్పుకొనెను. అభిమానుల కంతకంటె ఏమి కావలెను?

అదే వారమున ఎదుటి పక్షమునకును అట్టి చిక్కే వచ్చెను. జీలాంగ్ జట్టులో మాక్స్ హోమ్స్ అను 20 ఏండ్ల యువకునకు తొడ వెనుకటి నరము పట్టెను. అతడును ఆడవలెనని తపించెను. కాని జీలాంగ్ వారు సాహసింపక అతనిని విడిచి, ఐర్లండు దేశమునుండి వచ్చిన మార్క్ ఓకానర్‌ను తీసికొనిరి. వారు గెలిచిరి. వెంటనే లోకము రెండు నిర్ణయములను ప్రక్క ప్రక్కను బెట్టి, ఇది వివేకము, అది అవివేకమని తీర్పు చెప్పెను.

ఈ తీర్పు చెప్పు హక్కు అభిమానులకు లేదని నే ననను. ఆటనుగుఱించి యింత యుద్వేగ మెందుకని పరిహసించువారు మనుష్యస్వభావ మెఱుగరు. ఆ దేశపు ఫుట్‌బాలు క్లబ్బుల సభ్యులసంఖ్య 2018లోనే 10 లక్షలు దాటెను. వారు చందా చెల్లింతురు. వానలో తడియుచు నిలుతురు. తాతగారి రంగులనే మనుమడును ధరించును. తాము ప్రేమించుదానినిగుఱించి వాదించుట జనులకు సహజము. పైగా ఎవరును ప్రశ్నింపని యధికారము ఆటయందైనను చెడిపోవును. కావున ప్రశ్నించుట తప్పు కాదు. ఏ తూనికఱాతితో తూచుచున్నామన్నదే విచార్యము.

ఇప్పుడు 2019వ సంవత్సరమునకు పోదము. రిచ్మండ్ జట్టువారు గ్రాండ్ ఫైనల్ పోటీకి మార్లియన్ పికెట్ అనువానిని తీసికొనిరి. అతడంతకుముందు ఆ పైస్థాయి పోటీలలో ఒక్కటియైనను ఆడినవాడు కాడు. గ్రాండ్ ఫైనల్ పోటీతోనే ఆరంభించిన ఆటగాడు 1952 తరువాత మఱియొకడు లేడు. అంతటి పోటీలో అనుభవము లేనివానిని నిలుపుట సాహసము కాదా? పికెట్ చక్కగా నాడెను, ఒక గోలు కూడ చేసెను. రిచ్మండ్ 89 పాయింట్లతో గెలిచెను. దానిని అందఱును దూరదృష్టి యనిరి. ఆనాడు రిచ్మండ్ ఓడి, పికెట్ చేతినుండి రెండుసార్లు బంతి జాఱియున్నచో, మఱునాడే మనెడివారు? ఆ మాటలను మనము వినకయే వ్రాయగలము. గ్రాండ్ ఫైనల్ అన నేమో తెలియనివాని నేల తెచ్చిరని యడిగియుందురు. అట్లే 2022లో జీలాంగ్ నాలుగు పాయింట్లతో ఓడియున్నచో, పరుగెత్తగల యువకుని భయపడి విడిచిన పిఱికివారని దాని శిక్షకుని దూషించియుందురు.

ఇక బంతి యాకారముమాట. 2010 సెప్టెంబరు 25వ తేదీని గ్రాండ్ ఫైనల్ పోటీలో సెయింట్ కిల్డా, కాలింగ్‌వుడ్ జట్లు తలపడెను. సెయింట్ కిల్డావారు 1966లో ఒక్కసారి తప్ప ఎన్నడును గెలిచినవారు కారు. ఆట ముగియుటకు నిమిషములు మాత్రమే మిగిలియుండగా వారు తన్నిన బంతి గోలు దాపున నేలను దాకెను. దానికొఱకు పరుగెత్తిన ఆటగాడు స్టీఫెన్ మిల్నే. బంతి అతని చేతులలోనికి దూకలేదు. ప్రక్కకు దూకి ఒక్క పాయింటు మాత్రమే యిచ్చెను. రెండు పక్షములును 68 పాయింట్లతో సమముగ నిలిచెను. వారము తరువాత మరల నాడినపుడు సెయింట్ కిల్డా 56 పాయింట్లతో ఓడిపోయెను. ఆ బంతి కొంచెము తిన్నగా దూకియున్నచో మిల్నే దాని నందుకొని గోలు చేసియుండవచ్చును. ఆ జట్టును ఏరినవారందఱు నేటికిని పూజింపబడుచుందురు. బంతి దూకుటకును, గురువారమునాటి యాలోచనకును ఏమి సంబంధము?

మన శాస్త్రములయందు కాకతాళీయమను న్యాయ మొకటి కలదు. కాకి తాటిచెట్టుపై వ్రాలెను. అదే క్షణమున పండు రాలెను. కాకియే పండును రాల్చెనని చూచినవాడు తలచును. అభిమానుల వాదములలో సగము ఈ జాతివే. రీడ్ సగములో వెలుపలికి వచ్చెను, సిడ్నీ ఓడెను, కావున రీడ్ వలననే ఓడెనందురు. కాని 81 పాయింట్ల తేడాను ఒక మనుష్యుని తొడకండరము తేగలదా? ఆనాడు జీలాంగ్ వారు అన్ని విధములను మేలుగా నాడిరి. నిండు ఆరోగ్యముగల మఱియొకడు రీడ్ స్థానమున నున్నను సిడ్నీ ఓడియే యుండును. ఒక నిర్ణయము సరికాకపోవుట వేఱు. కార్యము చెడుటకు అదియే కారణమగుట వేఱు. ఈ రెంటిని కలిపివేయుట తర్కదోషము. తర్కదోషమువలన ఒక మనుష్యునకు నింద గలిగినచో అది నీతిదోషము కూడ నగును.

పాశ్చాత్య పండితులును ఈ విషయమును పరిశీలించిరి. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1814లో ఆంగ్లేయులకును గూర్ఖాలకును జరిగిన యుద్ధపు వృత్తాంతమును కొందఱికి చదువనిచ్చెను. వారిలో కొందఱికి ఒక విధమైన ఫలమును, మఱికొందఱికి మఱియొక విధమైన ఫలమును దెలిపెను. ఎవరికి ఏ ఫలము తెలుపబడెనో, అదియే మొదటినుండియు సంభవింపదగినదిగా వారికి దోచెను. తెలిసినదానిని తెలియనట్లు భావించి చెప్పుడన్నను వారికి సాధ్యము కాలేదు. నా కెప్పుడో తెలియునను అభిమాని యబద్ధమాడుట లేదన్నమాట. అతడు నిజముగనే యట్లు నమ్ముచున్నాడు. ఫలము తెలిసిన మనస్సు తన పూర్వపు సందేహములను మఱచిపోవును. 1988లో బారన్, హెర్షీ అను ఇరువురు పండితులు మఱియొక పరీక్ష చేసిరి. వైద్యుడు శస్త్రచికిత్స చేయ నిశ్చయించెను. దానియందలి యపాయమెంతయో చదువరులకు స్పష్టముగ చెప్పబడెను. రోగి బ్రతికెనని వినినవారు ఆ నిర్ణయమును మెచ్చిరి. మరణించెనని వినినవారు దానినే తక్కువ చేసిరి. వైద్యుని యెదుట నున్న విషయము రెండుచోట్లను ఒక్కటియే.

అట్లయిన ఎవరిని ఎప్పుడును నిందింపరాదా, అన్నింటికిని అదృష్టమే కర్తయా, అని యెవరైన నడుగవచ్చును. ఇది తగిన యాక్షేపమే. అట్లనుకొన్నచో సోమరికిని శ్రద్ధాళువునకును భేదముండదు. ప్రతి యధికారియు తన తప్పును దైవముమీద నెట్టివేయును. నా యభిప్రాయ మది కాదు. నిర్ణయమును ఫలముతో గాక, నిర్ణయించిననాటి జ్ఞానముతో తూచవలెనని మాత్రమే నా మనవి. గురువారమునాడు ఏమి తెలిసియుండెను? ఏమి తెలిసికొనుటకు వీలుండెను? తెలిసికొనుటకు శ్రమపడిరా? హెచ్చరించినవారి మాటను వినిరా? మొగమోటముచేతనో, పేరుప్రతిష్ఠలకు లొంగియో యెన్నుకొనిరా? ఈ ప్రశ్నలు ఓడినవారికే కాదు, గెలిచినవారికిని వేయదగినవి.

ఈ తూనిక మృదువైనదని యెవరును భ్రమపడకుందురుగాక. ఒక్కొక్కచో ఇది నిందను తగ్గించును, ఒక్కొక్కచో హెచ్చించును. సిడ్నీ జట్టు 2024లో మరల గ్రాండ్ ఫైనల్ చేరెను. ఈసారి తొడనరము పట్టిన తమ నాయకుడు కాలమ్ మిల్స్‌ను వారు విడిచిరి. చీలమండ నొచ్చిన లోగన్ మెక్‌డొనాల్డ్‌ను మాత్రము ఆడించిరి. అతడును ఆట మధ్యనే వెలుపలికి రావలసివచ్చెను. సిడ్నీ బ్రిస్బేన్ జట్టుచేతిలో 60 పాయింట్లతో ఓడెను. అభిమానులు మరల వాదించిరి. ఈ రెండవ వాదమున మొదటిదానికంటె న్యాయమెక్కువ కలదని నాకు దోచుచున్నది. ఏలయన, 2024 నాటి గురువారమున వారికి 2022 నాటి శనివారము తెలిసియున్నది. ఒకసారి జరిగిన యనుభవము పిమ్మట చేయు నిర్ణయమునకు కావలసిన జ్ఞానములో భాగమగును. ఇచ్చటను వారు మిల్స్‌ను విడిచిన సంగతిని లెక్కింపవలెను. అనుభవమును బొత్తిగా మఱచినవారని చెప్పుటకు వీలులేదు. ఇట్లు విచారించినచో నింద యైనను పొగడ్త యైనను తగినంత మేరకే యుండును. ఫలమును మాత్రము జూచువానికి ఈ రెండు సంవత్సరముల భేదమే కానరాదు.

ఇంకొక మాట. తప్పు వేఱు, బాధ్యత వేఱు. రీడ్ విషయమున నిర్ణయము సరికాకపోయెనని లాంగ్‌మైర్ చెప్పుకొన్నది పెద్దఱికము. సహాయుల సలహానో, వైద్యుల మాటనో, ఆటగాని యుత్సాహమునో చూపి తప్పించుకొనుటకు అతనికి వీలుండెను. ఫలమునకు ఉత్తరవాదిగా తానే నిలుచుట నాయకుని ధర్మము. కాని అతడు బాధ్యత వహించినంతమాత్రమున అతని బుద్ధిని హీనమైనదిగా నెంచుట విన్నవారి ధర్మము కాదు. స్కాట్లండు దేశపు పండితుడు ఆడం స్మిత్ 1759లో ప్రకటించిన నీతిగ్రంథమున, మనము సంకల్పమునుబట్టియే తీర్పు చెప్పవలెనని యందఱు నొప్పుకొందురనియు, ఫలము కన్నులయెదుట బడగానే ఆ నియమమును విడిచిపెట్టుదురనియు చూపెను. అయినను ఫలదృష్టి కొంత యుపయోగకరమేయని యతని యాశయము. మంచిసంకల్పముతోనే తృప్తిపడక కార్యసాధనకు మనుష్యుని పురికొల్పునది యదియే. ఇది సత్యము. కర్త తనను తాను ఫలముతో తూచుకొనుట మేలు; చూచువాడు కర్తను ఫలముతో మాత్రమే తూచుట క్రూరము.

ఈ వాదములలో మఱవబడువాడు ఆటగాడు. వీనిని తీసివేయుడు, వాడు పనికిరాడని పలుకుట నాలుకకు సులభము. సంవత్సర మంతయు శ్రమించి చివరి దినమున జట్టులో లేనని వినిన 20 ఏండ్ల హోమ్స్ దుఃఖము నింట కూర్చుండి వాదించువా రెఱుగరు. నొప్పిని దిగమ్రింగి ఆడగలనన్న రీడ్ ఆశయు నట్టిదే. అతడు మోసగాడు కాడు. తన దేహము తన కోరికకు చాలునని నమ్మినవాడు. నిర్ణయమునుగుఱించి యెంత గట్టిగానైన మాటలాడవచ్చును. మనుష్యునిగుఱించి మాటలాడునపుడు గొంతు తగ్గించుకొనవలెను. ఈ భేదమును పాటించిన వాదమునుండి జట్టునకును మేలు కలుగును. పాటింపని వాదము ఊరక గాయపఱచును.

చదువరులు ఈ న్యాయస్థానమును దూరదేశపు మైదానమునకే విడిచిపెట్టరని నమ్ముచున్నాను. క్రొత్త కోడలు అడుగుపెట్టిన నెలలో మామగారు మరణించినచో ఆమె పాదమును నిందించు ఇండ్లు పూర్తిగ పోలేదు. అచ్చటను కాకియే తాటిపండును రాల్చెను. కుమారుని ఫలానా చదువునకు పంపిన తండ్రిని కుమారుడు తప్పినపుడు నిందించుటయు, ఫలానా వైద్యునికడకు రోగిని గొనిపోయిన భార్యను జీవితాంతము దెప్పుటయు ఇట్టివే. ఆటలో ఓటమి మఱుసటి సంవత్సరము తీఱిపోవచ్చును. ఇంట పడిన ఈ తీర్పునకు మాత్రము పునర్విచారణ లేదు. దానిని మోయువారు తఱచుగా మాటలాడుటకు హక్కు లేనివారు.

కావున ఒక నియమము నవలంబింతము. ఎవని నిర్ణయమునైన తప్పనుటకు ముందు, ఫలము తెలియకముందు మన మేమనియుందుమో నిజాయితీతో స్మరింతము. నాడు మనము మాటలాడియున్నచో, నేడును మాటలాడు హక్కు మనకు కలదు. నాడు ఊరకుండి, నేడు ప్రవక్తల మైనచో, మనము ఫలమునే వల్లించుచున్నాము గాని విచారించుట లేదు. సిడ్నీ అభిమానులలో గురువారమునాడే రీడ్ విషయమున సందేహించినవారు కొందఱుండిరి. వారి మాటకు గౌరవ మున్నది. తక్కినవారు జీలాంగ్ మేలుగా నాడెనని యొప్పుకొని, వచ్చు సంవత్సరమునుగుఱించి మాటలాడుకొనుట న్యాయముగ నుండెడిది.